క్రీడ - ఫలాపేక్ష

"ఆటయే కదా" అను మాట మనలో రెండు విధముల వినవచ్చుచుండును. చదువు చెడునని భయపడు పెద్దలు దానిని నిరసనతో పలుకుదురు. ఓడివచ్చిన పిల్లవానిని ఓదార్చు తల్లి అదే మాటను వాత్సల్యముతో పలుకును. వీరిలో ఎవ్వరును ఆట యనగా నేమి యని విచారించినట్లు కానరాదు. బాలుర హాకీ కేవలము పిల్లలకును తలిదండ్రులకును సంబంధించిన వినోదమా, లేక అందు మరియేమైన నున్నదా యని కలకత్తాలోని గార్డెన్ రీచ్ నివాసియగు ఒక తెలుగు గృహస్థు అడుగగా ఈ విచారణకు పూనుకొనవలసి వచ్చినది.

ఆ ప్రదేశమును గూర్చి రెండు మాటలు చెప్పక తప్పదు. అది హుగ్లీ నదికి తూర్పు ఒడ్డున గలదు. 1856లో రాజ్యము గోల్పోయిన అవధ్ నవాబు వాజిద్ అలీ షా వచ్చి నివసించిన మటియాబుర్జు ఆ ప్రాంతములోనిదే. పిమ్మట బెంగాల్ నాగపూర్ రైల్వే తన ప్రధాన కార్యాలయమును అచ్చట నెలకొల్పెను. 1955లో ఏర్పడిన ఆగ్నేయ రైల్వేకును అదియే కేంద్రమైనది. వాల్తేరు వరకు సాగిన ఆ ఇనుపదారి వెంబడి శ్రీకాకుళము, విజయనగరము, విశాఖపట్టణము సీమల నుండి మనవారెందరో ఖరగ్‌పూరునకును కలకత్తాకును ఉద్యోగార్థులై పోయిరి. 2003లో వాల్తేరు డివిజను ఆగ్నేయ రైల్వే నుండి విడివడినను, పోయినవారి సంతతి అచ్చటనే వేళ్లూనుకొన్నది.

రైల్వేవారికిని హాకీకిని గల చుట్టరికము పాతది. 1927లో బిలాస్‌పూరున జన్మించిన లెస్లీ క్లాడియస్ మొదట ఫుట్‌బాల్ ఆటగాడు. ఖరగ్‌పూరులో బి.ఎన్.ఆర్. హాకీ జట్లు సాధన చేయుచుండగా ఒక ఆటగాడు తక్కువ పడెననియు, 1932 ఒలింపిక్ విజేతలలో ఒకడైన డిక్కీ కార్ గట్టున నిలిచిన యీ యువకుని లోపలికి పిలిచెననియు చెప్పుదురు. అట్లు పిలువబడినవాడు 1948, 1952, 1956 ఒలింపిక్ క్రీడలలో స్వర్ణ పతకములు పొందిన జట్లలో ఆడెను. 1960లో రోమునందు నాయకుడుగా నిలిచి అంతిమ పోటీలో పాకిస్తానుతో ఒక్క గోలు తేడాతో ఓడి రజతముతో తిరిగి వచ్చెను. 1928 నుండి తెగక సాగిన భారత విజయపరంపర ఆతని నాయకత్వముననే తెగినది.

గృహస్థు ప్రశ్నకు మరలుదము. ఆయన మాటలివి: "స్వామీజీ, మా వాని ఆట ఆట కాదు, అన్నము." ఆటగాండ్రకు రైల్వేలో ఉద్యోగములిచ్చు ఏర్పాటున్నదని ఎల్లరెరుగుదురు. రెండు గదుల క్వార్టర్సులో నివసించుచు, తాను ఉద్యోగ విరమణ చేసిననాడు ఆ రెండు గదులును పోవునని తెలిసిన తండ్రికి, కుమారుని చేతిలోని హాకీ కర్ర ఊతకర్రగా తోచుటలో ఆశ్చర్య మేమున్నది? ఇది లోభమని కొట్టివేయువారు ఆకలి నెరుగనివారు. భిక్షాన్నముతో బ్రతుకు సన్న్యాసికి ఒకరి అన్నచింతను ఈసడించు అధికారము అసలే లేదు. కనుక ఆ తండ్రి వాదమును పూర్తిగా మన్నించియే ముందునకు సాగవలెను.

సృష్టికి ప్రయోజన మేమని అడిగినపుడు వేదాంతసూత్రకారుడు లీల యని సమాధానము చెప్పెను. కొరత గలవాడు కొరత తీర్చుకొనుటకై పనిచేయును. పూర్ణుడైన ఈశ్వరునకు కొరత లేదు. కావున ఆయన కర్మ క్రీడ వంటిది. ఈ తావున శంకరభగవత్పాదులు, కోరికలన్నియు తీరిన రాజు వినోదించుటయు, మనుజుడు ఉచ్ఛ్వాసనిశ్వాసములు జరుపుటయు దృష్టాంతములుగా చూపిరి. అనగా ఆట యని చెప్పుట తక్కువ చేసి చెప్పుట కాదు. వెలుపలి ప్రయోజనము నాశింపక, నిండుదనము నుండి పొంగివచ్చు కర్మకు మన శాస్త్రము పెట్టిన పేరది. ఆటలో మునిగిన బాలుని ముఖము చూడుడు. గుమాస్తా జీతమునకు చేయు లెక్కలో గాని, కొన్నిమార్లు మనము చేయు జపములో గాని అంతటి ఏకాగ్రత కానరాదు!

ఇచ్చట పూర్వపక్షి యిట్లనవచ్చును: "గోలు చేయవలెనను కోరిక లేక హాకీ ఎట్లు సాగును? ఫలాపేక్ష లేని ఆటగాడు బంతి వెంట పరుగిడునా?" ఈ ఆక్షేపణ బలమైనదే. దీనికి సమాధానము కోరికలలోని భేదమును గుర్తించుటయందున్నది. గోలు చేయవలెనను కోరిక ఆటలోని అంగము. ఆట ముగియగానే అదియు ముగియును. గోలు వలన పేరు, పేరు వలన ఎంపిక, ఎంపిక వలన ఉద్యోగము కలుగవలెనను కోరిక ఆటకు వెలుపలిది. అది ముగియదు, ఇంటివరకు వెంటవచ్చి అన్నము ముందర గూడ కూర్చుండును. మొదటి కోరిక కాలికి వేగమిచ్చును, రెండవది చేతికి వణకు తెచ్చును. పదునాలుగేండ్ల బాలుని కర్రపై ఒక కుటుంబపు బరువును మోపి, "తేలికగా ఆడుము" అని చెప్పిన ఏమి లాభము?

మరియొక సంగతి కలదు. కర్మయందే నీకధికారము, ఫలమునందు కాదని గీతాచార్యుడు బోధించినది కర్మ చేయువానికి. మైదానపు గట్టున నిలిచిన తండ్రికి ఆ కర్మయే లేదు. పరుగిడునది కుమారుడు, అలసునది కుమారుడు. ఫలమును కోరునది తండ్రి. తాను చేసిన కర్మ యొక్క ఫలమును కోరుటయే బంధమని చెప్పుదుము. ఇంకొకరు చేసిన కర్మ యొక్క ఫలమునకై పరితపించుటను ఏమనవలెను? దానికి ప్రేమ యని పేరు పెట్టుకొందుము గనుక అది మరింత దుర్జ్ఞేయము. క్లాడియస్ కుమారుడు రాబర్ట్ తండ్రి వలెనే దేశము తరఫున ఆడెను. 1978లో ప్రపంచ కప్ పోటీలలో పాల్గొనెను. అనతికాలములోనే అతడు రోడ్డు ప్రమాదములో మరణించెను. దీని నుండి నీతి పిండుట నాకిష్టము లేదు.

ఇక, హాకీ పిల్లలకును తలిదండ్రులకును మాత్రమే చెందినదా? ఎదుటి జట్టు లేనిదే ఆట లేదు. ఓడించవలసినవాడే ఆటలో సగము వాడు. 1976 మాంట్రియల్ ఒలింపిక్ క్రీడలలో కృత్రిమ తృణతలము ప్రవేశించినది మొదలు, పైస్థాయి హాకీ పచ్చిక నుండి తరలిపోయినది. అట్టి తలమును పరచుటకును తడుపుటకును ఎంతో వ్యయమగును. పచ్చికపై పెరిగిన పేద బాలుడు దానిపై ఒక్కనాడైన కాలుమోపక, దానికి అలవాటుపడినవారితో పోటీపడవలెను. ఇది అతని తలిదండ్రులు తీర్చగల లోటు కాదు. సంఘము ఈ విషయములో "ఆటయే కదా" అని తప్పించుకొనుచున్నది.

అన్నిటికంటె సూక్ష్మమైనది వేరొకటి గలదు. హాకీలో బంతి ఆటగాని పాదమునకు తగిలి, దానివలన అతని జట్టునకు మేలు కలిగినచో అది దోషము. ఒకానొకపుడు అంపైరు దానిని చూడడు. తగిలినది బాలునికి తెలియును. అతడు చేయెత్తి ఆగినచో ఒక గోలు పోవును. ఆగనిచో ఎవ్వరికిని తెలియదు. ఎవ్వరును చూడనపుడు సత్యమునకు విలువ యున్నదా యను ప్రశ్న, ఉపనిషత్తు తెరువకమునుపే, ఆ బాలునికి ఆ క్షణమున ఎదురగుచున్నది. కలియుగమున సత్యవాక్కే తపస్సని శ్రీరామకృష్ణులు బోధించిరి. ఆ తపస్సును బాలుడు చేసివచ్చిన సాయంకాలము తండ్రి ఏమనును? "ఎందుకు చెప్పితివి? ఆయన చూడలేదు కదా!" అనినచో, నాటితో ఆ యింట ధర్మశాస్త్ర పాఠము ముగిసినట్లే. ఏమియు ననక బిడ్డ వీపు నిమిరినచో మరియొక పాఠము.

1897లో మద్రాసు యువకులతో స్వామి వివేకానందులు గీతను, ఫుట్‌బాల్‌ను కలిపి చెప్పిన మాటను మనవారు సభలలో తరచు ఉదహరించుదురు. గీతను మూసివేసి బంతిని తన్నుమని ఆయన యభిప్రాయము కాదు. దుర్బలునికి గీత అర్థము కాదని. ఆ బలము కండలలో నుండునది మాత్రమే యైనచో వ్యాయామశాల చాలును, ఆట అక్కరలేదు.

ఆ గృహస్థు వెడలబోవుచు ఇంకొక ప్రశ్న వేసెను: "పదునెనిమిదేండ్లు వచ్చి, ఎంపిక కాకపోయినచో?" నిజమునకు ఎంపిక కానివారే పెక్కండ్రు, ఉద్యోగములు కొన్ని, కర్రలు వేలు. చదువును విడువనీయవలదని, ఉద్యోగచింత తన భుజముననే యుంచుకొని మైదానమునకు పోవునపుడు దానిని బాలుని చేతి కీయవలదని చెప్పితిని. ఎంపిక కానినాడు కుమారుడు మరునాటి సాయంకాలము తనంతట తానే కర్ర తీసికొని బయలుదేరునా లేదా యనునది గమనింపుమంటిని. ఆయన కొంతసేపు ఆలోచించి, "బయలుదేరిన నేనే వానిని ఆపుదునేమో" అనెను.