కొట్లు ఎవరికొరకు?

ధ్యానభాగములు: ఆదికాండము 41వ అధ్యాయము, లూకా 12:16–21



ఖైరతాబాదు కూడలిలో మోక్షగుండం విశ్వేశ్వరయ్యగారి విగ్రహమున్నది. దాని ప్రక్కగా ప్రతిదినము వేలాదిమంది పోవుచుందురు గాని, ఆయన ఈ నగరమునకు ఏమి చేసెనని తలంచువారు కొద్దిమందియే. ఆయన చేసిన మేలు అట్టిది. జరుగకుండ పోయిన కీడు ఎవరికిని కనబడదు.

1908 సెప్టెంబరు 28వ తేదీన మూసీనది పొంగి హైదరాబాదును ముంచివేసెను. వేలకొలది జనులు మరణించిరి. అఫ్జల్‌గంజ్ ఆసుపత్రి ఆవరణలోని చింతచెట్టు నెక్కి సుమారు నూటయేబదిమంది ప్రాణములు దక్కించుకొనిరని నేటికిని చెప్పుకొందురు. మరుసటి సంవత్సరము నిజాం ప్రభుత్వము విశ్వేశ్వరయ్యగారిని పిలిపించెను. ఆయన మొదట కారణమును వెదకెను. నదికి ఎగువన 788 చెరువులుండగా 221 తెగిపోయినవని లెక్క తేల్చెను. ఒక చిన్నకట్ట తెగినప్పుడు ఆ నీరు దిగువకట్టమీద పడెను, అదియు తెగెను. ఆయన సలహామేరకు, వరదను ఎగువనే ఆపి, నది మోయగలిగినంత మాత్రమే విడుచుటకు రెండు జలాశయములు కట్టిరి. 1920లో ఉస్మాన్‌సాగర్, 1927లో హిమాయత్‌సాగర్ పూర్తియయ్యెను.

నేడు బ్యాంకులలోను, ఆసుపత్రులలోను, కంప్యూటరు సంస్థలలోను ఇట్టి ముందుచూపే ఉద్యోగముగా గలవారున్నారు. ఆ పనిని బిజినెస్ కంటిన్యుటీ అందురు. అగ్ని, వరద, అంటువ్యాధి, కంప్యూటరు చెడుట, ఏది వచ్చినను పని నిలిచిపోకుండ ముందే ఏర్పాటు చేయుట వారి వంతు. 2012లో దీనికి 22301 సంఖ్యగల అంతర్జాతీయ ప్రమాణము కూడ వెలువడెను. అయితే వారడుగు ప్రశ్నలు మన ఇండ్లలోనివే. ఏ పని ఒక్క గంటయైనను ఆగరాదు? ఏది వారము దినములు ఆగవచ్చును? తాళపుచెవి గలవాడు రానియెడల తలుపు ఎవరు తెరతురు? లెక్కల రెండవ ప్రతి మరియొక చోట నున్నదా? ఆ ప్రతిని ఎప్పుడైనను తెరచి చూచితిరా? ఇట్టి ప్రశ్నలు అడుగువానిని చూచి తోటివారు విసుగుకొందురు. ఆపద రాకపోయిన యెడల అతని జీతము దండుగ అందురు. వచ్చిన యెడల ఇంతకుముందు ఏమి చేసితివని నిలదీయుదురు.

విశ్వాసులమైన మనకు మరియొక సందేహము కలుగును. ప్రభువు కొండమీది ప్రసంగములో రేపటి చింతను మానుమనెను గదా, ఈ ఏర్పాట్లు అవిశ్వాసము కాదా? యోసేపును చూడుడి. ఫరో కలకు భావము దేవుడే తెలిపెను. అయితే యోసేపు భావము చెప్పి ఊరకుండలేదు. వివేకముగల ఒకని నియమింపుమనియు, సమృద్ధి సంవత్సరములలో అయిదవ భాగము కూర్చుమనియు వెంటనే ఆలోచన చెప్పెను. దేవుడు ముందుగా తెలియజేసినది చేతులు కట్టుకొని కూర్చుండుటకు కాదు.

లూకా సువార్తలోని ధనవంతుడు కూడ ధాన్యమునే కూర్చెను, కొట్లనే కట్టదలచెను. అతనిని దేవుడు వెఱ్ఱివాడనెను. ధాన్యము ఒక్కటే, కొట్లు ఒక్కటే; భేదమెక్కడ? ధనవంతుడు తన ప్రాణముతోనే మాటలాడుకొనెను, అతని లెక్కలో మరియొకడు లేడు. యోసేపు లెక్కలో ఆకలిగొను జనమున్నది. తన్ను గూర్చి తిరుగునది చింత. పొరుగువానిని గూర్చి తిరుగునది ముందుచూపు.

అయినను యోసేపు కథను అక్కడనే ఆపరాదు. 47వ అధ్యాయములో ఆ కొట్లముందు ఐగుప్తీయులు తమ ధనమును, పశువులను, తుదకు భూములను, తమ్మును తాము అప్పగించుకొనిరి. సిద్ధపడినవాని చేతికి సిద్ధపడనివానిమీద అధికారము వచ్చును. 2020లో కరోనా వ్యాధి వచ్చినప్పుడు అనేక సంస్థలు తమ పనిని ఉద్యోగుల ఇండ్లకు మార్చుకొని ఒక్కదినమైనను ఆగలేదు. మెచ్చుకొనదగినదే. కాని క్యాంటీనులో వండినవారికి, కార్లు నడిపినవారికి, గదులు ఊడ్చినవారికి ఆ ఏర్పాటులో చోటున్నదా? సంస్థ నిలిచెను, దానిని మోసినవారిలో ఎందరో పడిపోయిరి. ఎవరు నిలుచుటకొరకు ఈ ఏర్పాటు అని అడుగనివాడు తన పనిలో సగమే చేసినవాడు.

లోకమును విమర్శించుట సుళువు. మా సంఘములో జరిగినదానిని దాచక చెప్పుదును. 2021లో మా కోశాధికారిగారు జబ్బుపడి ఆసుపత్రిలో చేరిరి. విధవరాండ్రకు నెలనెలా ఇచ్చు సహాయము ఎవరికి ఎంత అనునది ఆయన చేతిపుస్తకములోనే యుండెను. చెక్కుమీద సంతకము చేయుటకు రెండవ పేరు బ్యాంకులో లేదు. రెండు నెలలు సహాయము ఆగిపోయెను. ఒక వృద్ధురాలు వచ్చి మందిరము మెట్లమీద కొంతసేపు కూర్చుండి, ఏమియు అడుగక వెళ్లిపోయెను. ఆయన మచ్చలేని మనిషి. అనేక సంవత్సరములు పైసా తేడా లేక లెక్క చెప్పెను. తప్పు కమిటీలో కూర్చుండిన మాది. మా అలక్ష్యమునకు ఆయనయందలి నమ్మకమని పేరు పెట్టుకొంటిమి.

అపొస్తలుల దినములలోను అనుదిన పరిచర్యలో విధవరాండ్రు మరువబడిరి. అప్పుడు అపొస్తలులు ప్రార్థనను మానలేదు, ప్రార్థనతోనే సరిపెట్టుకొననులేదు. ఒక్కనిని కాదు, ఏడుగురిని ఏర్పరచిరి.

జలాశయము కట్టినంతమాత్రమున పని తీరదు. 2020 అక్టోబరులో కుండపోతగా వాన కురిసినప్పుడు, చెరువుల గర్భములోను నాలాల దారిలోను లేచిన ఇండ్లు మునిగిపోయెను. ముందరితరము సిద్ధపాటు మనతరమునకు చాలదు. కాబట్టి ఈ నెలలో ప్రతి సంఘకమిటీ, ప్రతి కుటుంబము ఒక్క ప్రశ్న వేసికొనవలెను: రేపు నేను లేవలేకపోయినయెడల, నా చేతిమీదుగా అన్నము తినువాడు ఎట్లు తినును? దానికి జవాబు కాగితముమీద వ్రాసి, మరియొకరికి చూపుడి.

ప్రభువు మన చేతులలోని తాళపుచెవులను పొరుగువారి ఆకలికొరకు తెరువజేయునుగాక. ఆమేన్.