ఏ పిస్టల్ అన్నది రెండో ప్రశ్న

కొత్తగా షూటింగ్ నేర్చుకునేవాళ్ళు మొదట ఏ పిస్టల్ కొనాలి? అమెరికాలో ఈ ప్రశ్న అడిగితే జవాబు తడుముకోకుండా వస్తుంది. పాయింట్ టూటూ అయితే తూటా చవక, వెనక్కి తన్నడం తక్కువ, గురి త్వరగా కుదురుతుంది. ఆత్మరక్షణకైతే నైన్ ఎంఎం, గ్లాక్ 19 లాంటిది, మ్యాగజైన్‌లో 15 తూటాలు. మా టెక్సస్ తెలుగువాళ్ళ మధ్య కూడా ఈ మాటలు వినపడుతుంటాయి. హెచ్1బీ మీద ఉన్నన్నాళ్ళూ, వేట లైసెన్సు లాంటి మినహాయింపులుంటే తప్ప చట్టం ఒప్పుకోదు. గ్రీన్ కార్డ్ వచ్చాక అడ్డు తొలగుతుంది. అక్కణ్ణుంచి ప్రశ్న చట్టానిది కాదు, మనది.

ఆ రెండు రకాల మధ్య అసలు తేడా తూటా సైజులో లేదు. మొదటిది కాగితం మీద గీసిన వలయాల కోసం. రెండోది, ఇంటి కోసమని కొంటే, మనిషి కోసం. ‘ఆత్మరక్షణ’ అన్న మాట ఎంత మెత్తగా ఉన్నా దాని అర్థం ఒకటే: ఏదో ఒక రాత్రి, ముఖం కూడా సరిగ్గా కనపడని ఒకణ్ణి చంపడానికి నేను ఇవాళే, షాపులో, కార్డు గీకుతూ ఒప్పుకుంటున్నాను.

వంటింటి కత్తితోనూ చంపొచ్చు కదా అంటారు. నిజమే. కానీ కత్తి రోజూ కూరగాయలు తరుగుతుంది. బీరువాలో ఉన్న పిస్టల్‌కి రోజూ చేసే పనంటూ లేదు. అది ఆ ఒక్క రాత్రి కోసం కాచుకుని ఉంటుంది, నన్నూ కాచుకునేట్టు చేస్తుంది.

ఇంకో చిక్కుంది. ఆపదలో పనికి రావాలంటే అది వెంటనే చేతికందాలి. పిల్లలకి మాత్రం అందకూడదు. తాళం ఈ చిక్కుని కొంత విప్పుతుంది. మరి తాళంచెవి ఉన్న నా నుంచి నన్నెవరు కాపాడతారు? అమెరికాలో తుపాకీ చావుల్లో సగానికి పైగా ఆత్మహత్యలే. దొంగ ఎప్పటికీ రాకపోవచ్చు. మనసు బాగోని రాత్రులు రాకుండా ఉండవు.

దసరాకి మొక్కే జమ్మిచెట్టు గుర్తొస్తుంది. దొరికిపోతే మళ్ళీ పన్నెండేళ్ళు అడవే అన్న ఏడాదిలో పాండవులు ఆయుధాల్ని ఉంటున్న చోట పెట్టుకోలేదు. ఊరి బయట చెట్టెక్కించి, ఎవరూ దగ్గరికి రాకుండా శవాన్ని కట్టారు. వాళ్ళేం అహింసావాదులు కాదు. అవసరమొచ్చినప్పుడు అర్జునుడు ఉత్తరుడి చేత గాండీవం దింపించాడు. కానీ అంత దూరం వెళ్ళాల్సి వచ్చింది. ఆ దూరం, ఆలోచించుకోవడానికి దొరికే వ్యవధి కూడా.

అందుకే నాకు రేంజ్‌లో అద్దెకిచ్చే పాయింట్ టూటూ చాలు. గంట కాల్చి, అక్కడే అప్పజెప్పి వస్తాను. దొంగొచ్చిన రాత్రి నా చేతిలో ఏమీ ఉండదని తెలుసు. కానీ అది ఒక్క రాత్రి. మిగతా రాత్రులన్నిటికీ కూడా నేనే కదా పూచీ.