కూర్చుండుట తపస్సా?

బెంగళూరు బెళ్ళందూరునందలి ఏ అపార్టుమెంటు సముదాయములోనైనను, వేసవి సెలవులు సమీపించినప్పుడో, దూరదేశమున కోడలికి నెలలు నిండుచున్నప్పుడో, ఏదో యొక యింట పెద్ద పెట్టెలు నోళ్ళు తెరచి యుండుట చూడవచ్చును. గుంటూరునుండియో నెల్లూరునుండియో కర్నూలునుండియో వచ్చి, ఇచ్చట ఐటీ ఉద్యోగము చేయుచున్న కుమార్తెయొద్ద నాలుగు దినములుండి, అటనుండి శాన్‌హోజేలోని కుమారుని యింటికి పోవు తల్లిదండ్రుల పెట్టెలవి. ఆవకాయ సీసా మూతకు టేపు చుట్టుట, కందిపొడి సంచిని తూకము వేసి తీసి మరల వేయుట, బీపీ మందుల చీటీకై వెదకుట, ఈ హడావిడి నడుమ కుమార్తె "అమ్మా, గంటకోసారి లేచి కాస్త నడువు, నీళ్ళు తాగుతూ ఉండు" అని చెప్పును. "పక్కవాళ్ళని మాటిమాటికీ లేపితే ఏం బాగుంటుందే? నీళ్ళు తాగితే మళ్ళీ లేవాలి. ఒకచోట కూర్చుని రామా అనుకుంటుంటే తెల్లారిపోతుంది" అని తల్లి బదులు పలుకును.

ఈ మాటను వినయమని కొందరు మెచ్చుకొందురు, మొండితనమని కొందరు విసుగుకొందురు. నాకు మాత్రము మన మతభావనలో చిరకాలముగా నున్న యొక ప్రశ్న ఇందు కనబడుచున్నది. మీద పుట్ట పెరిగినను చలింపని మునిని ఆదికవిగా కొలుచుచున్న మనకు, కదలక కూర్చున్నవానిని చూడగనే చేతులు జోడింపబుద్ధి పుట్టును. అయినను, కదలక మెదలక కూర్చుండుట, మరి దేనితోను నిమిత్తము లేకయే, ఒక సాధన యగునా? దేహమును మరచుట దేహమును జయించుట యగునా?

ప్రశ్న పాతదే, దానికి నేటి విమానము క్రొత్త పదును పెట్టినది. 2021 జనవరిలో శాన్‌ఫ్రాన్సిస్కోనుండి బయలుదేరిన ఎయిరిండియా విమానమొకటి, ఉత్తరధ్రువము మీదుగా, ఎచ్చటను దిగక, ఇంచుమించు పదునాలుగువేల కిలోమీటర్లు దాటి బెంగళూరు చేరెను. దానిని నడపిన నలుగురును స్త్రీలే. వారిలో పాపగారి తన్మయి తెలుగు వనిత. అట్టి యానము పదునారు పదునేడు గంటలు పట్టును. ఔటర్ రింగ్ రోడ్డు రద్దీలో దేవనహళ్ళి విమానాశ్రయము చేరుటకు కారులో కూర్చున్న కాలము దీనికి అదనము. ఏ హఠయోగియు తొలినాడే పూనుకొనని దీర్ఘాసనమును, ఏ దీక్షయు లేని గృహస్థుడు టికెట్టు కొని సాధించుచున్నాడు.

ఆ సమయమున కాలిలో జరుగునదేమి? రక్తము గుండెనుండి వెడలి మరల గుండెకే చేరునని 1628లో విలియం హార్వే నిరూపించినప్పుడు, సిరలలోని కవాటములు రక్తమును గుండెవైపునకే పోనిచ్చునుగాని వెనుకకు రానీయవను సంగతి ఆయన వాదమునకు ముఖ్యాధారమయ్యెను. కాని కవాటము దారి కాచునేగాని తోయజాలదు. పాదమునుండి పైకెక్కవలసిన రక్తమును తోయు పని పిక్కలది. అడుగు వేసినప్పుడెల్ల పిక్క కండరము బిగిసి లోపలి సిరలను పిండును. సడలినప్పుడు క్రింది రక్తము వచ్చి వానిని నింపును. కాళ్ళు వ్రేలవేసి గంటలకొలది కూర్చున్నవానికి ఈ పని ఇంచుమించుగా ఆగిపోవును. సీటు అంచు మోకాలి వెనుక ఒత్తుచున్నచో ప్రవాహము మరింత మందగించును. అట్టి తరి లోపలి సిరలో రక్తము గడ్డకట్టవచ్చును. ఆ గడ్డ విడివడి, గుండె కుడి భాగముగుండ పోయి, ఊపిరితిత్తులలో అడ్డుపడినచో ప్రాణాపాయము.

బెళ్ళందూరువాసికి ఇచ్చట ఒక ఉపమానము అప్రయత్నముగా తోచును: నిలిచిన నీరు చెడినట్లు నిలిచిన రక్తమును చెడునని. ఉపమానము అందముగనే యున్నది, కాని సరిపడదు. నురుగు పొంగియు మంటలు లేచియు 2015లోను 2017లోను దేశమంతట వార్తకెక్కిన మన చెరువు రోగము నీరు నిలుచుట కాదు, నగరపు మురుగు వచ్చి అందులో పడుట. ఆ నురుగు రేగినదియు నీరు నిలిచినచోట గాక అలుగు దాటి దుమికినచోట. రక్తము మాటయు నట్టిదే. రుడాల్ఫ్ విర్షో పేరిట వైద్యులు చెప్పుకొను కారణములు మూడు: ప్రవాహము మందగించుట, సిర గోడ దెబ్బతినుట, రక్తమే త్వరగా గడ్డకట్టు గుణము కలదై యుండుట. అందుచేతనే, ఒకే వరుసలో ఒకే తీరుగా కూర్చున్న నూరుమందికిని అపాయము సమానము కాదు. ఇటీవల శస్త్రచికిత్స జరిగినవారు, గర్భిణులు, బాలింతలు, గర్భనిరోధక మాత్రలు వాడువారు, క్యాన్సరు రోగులు, స్థూలకాయులు, పూర్వమొకసారి ఇట్టి గడ్డ ఏర్పడినవారు ఎక్కువ జాగరూకులై యుండవలెను.

తప్పు ఆకాశమున నున్నదనుకొనుటయు పొరపాటు. 1940లో లండనుపై బాంబులు కురియుచుండగా, భూగర్భాశ్రయములలో మడత కుర్చీలయందు రాత్రులు గడపిన వృద్ధులు కొందరు ఊపిరితిత్తులలో గడ్డ అడ్డుపడి మరణించుటను కీత్ సింప్సన్ అను వైద్యుడు గుర్తించి ప్రకటించెను. ప్రాణరక్షణకై దాగినచోట ప్రాణము పోయినది, కూర్చుండుటచేత. 1954లో బోస్టను వైద్యుడు జాన్ హోమన్స్ దీర్ఘకాలము కూర్చున్నవారి కాళ్ళలో గడ్డలు కట్టుటనుగూర్చి వ్రాయుచు విమానముతోపాటు మోటారుకారును, నాటకశాలను సైతము పేర్కొనెను. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2007లో వెలువరించిన పరిశోధన ప్రకారము, నాలుగు గంటలకు మించి కదలక కూర్చుండి చేసిన ప్రయాణము, విమానమైనను రైలైనను బస్సైనను కారైనను, ఈ అపాయమును సుమారు రెండింతలు చేయును. అయినను ఆరోగ్యవంతులలో ఇది ఆరువేల మందిలో ఒకరికి మాత్రమే సంభవించునని ఆ సంస్థయే చెప్పినది గనుక, భయపడి ప్రయాణము మానుకొననక్కరలేదు. సంక్రాంతికి బెంగళూరునుండి విజయవాడకు రాత్రి బస్సెక్కువారికిని ఈ లెక్క వర్తించునని మాత్రము మరువరాదు.

ఇక శాస్త్రము మాట. బ్రహ్మసూత్రముల నాలుగవ అధ్యాయము మొదటి పాదమున ఆసీనాధికరణము కలదు. ఉపాసకుడు కూర్చుండియే ఉపాసింపవలెనా, నిలుచుండియు పరుండియు చేయవచ్చునా అనునది అచ్చటి విచారణ. కూర్చుండియే అని సిద్ధాంతము. మన ముత్తైదువ వాదమే గెలిచినట్లు తోచును. కాని శంకరులు భాష్యమున చూపిన హేతువులను చూడుడు. నడచువానికి చిత్తము చెదరుననియు, నిలుచున్నవాని మనస్సు దేహమును నిలుపు పనిలోనే తగులుకొనుననియు, పరుండినవానిని నిద్ర పైకొనుననియు ఆయన అభిప్రాయము. ఈ హేతువులలో ఒక్కటియు దేహము కదలకుండుటయే పుణ్యమని చెప్పునది కాదు. అన్నియు మనస్సును గూర్చినవే. ఆసనము మనస్సునకు సేవకురాలు. ఆ సేవ లేనిచోట దానికి స్వతంత్రమైన మహిమ యేదియు లేదు. శంకరుల పేరిట ప్రచారములోనున్న అపరోక్షానుభూతి ఇంకను నిర్మొగమాటముగా, బ్రహ్మమునందు లయము కాని దేహపు నిటారుతనమును ఎండిన చెట్టు నిటారుతనముతో జతకట్టి త్రోసివేసినది.

గీత మూడవ అధ్యాయమున, కర్మేంద్రియములను బిగబట్టి మనస్సులో విషయములను నెమరువేయువానికి మిథ్యాచారుడను బిరుదు దొరకినది. విమానములో మనవంటివారి స్థితి అక్షరాల అదియే. కాళ్ళు బంధింపబడి యుండును. ఎదుటి తెరమీద మూడవ సినిమా నడచుచుండును. మనస్సు కస్టమ్సువారు ఆవకాయను పోనిత్తురో లేదో యను చింతలో తిరుగుచుండును. యోగి కోరునది నిలిచిన మనస్సు. మనకు దక్కినది నిలిచిన పిక్క. కర్మను విడిచినచో దేహయాత్రయే సాగదని అదే అధ్యాయము హెచ్చరించుట ఇచ్చట గమనింపదగినది.

దీనికి ఎదురుమాట యొకటి కలదు, దానిని దాటవేయుట న్యాయము కాదు. 1896లో అరుణాచలము చేరిన బాలుడొకడు పాతాళలింగపు గుహలో కూర్చుండి, పురుగులు తొడలను కొరికి పుండ్లు చేయుచున్నను ఎరుగకుండెను. ఆయననే తరువాత 1907లో మన కావ్యకంఠ గణపతిముని రమణమహర్షియని పిలిచెను. అట్టి నిశ్చలతను కాదనుటకు మనమెవరము? అయినను రెండు సంగతులు చెప్పవలసియున్నవి. ఆ బాలుడు నిశ్చలతను అభ్యసింపలేదు. మనస్సు లోపల మునిగినందున దేహము నిలిచిపోయినది. ఇతరులు వచ్చి ఎత్తి వెలుపలికి తెచ్చినందున ఆ దేహము దక్కినది. అటుపిమ్మట ఆ మహర్షియే ఏండ్లతరబడి కొండచుట్టు ప్రదక్షిణము చేసెను, వచ్చినవారిని చేయుడని ప్రోత్సహించెను. దేవునిచుట్టు నడచుటను పూజగా, అలిపిరి మెట్లెక్కుటను మ్రొక్కుబడిగా నిలుపుకొన్న మతము, కూర్చున్నవానికే మోక్షమని ఎన్నడును అనలేదు.

మిగిలినది మొగమాటము. నా దృష్టిలో అసలు చిక్కు ఇదియే. శాస్త్రార్థము దీనికి కప్పిన శాలువ. ప్రక్కవానిని లేపుటకు సంకోచించి, లేవవలసివచ్చునని నీరు మానుకొని, పదునారు గంటలు ముడుచుకొని కూర్చున్న యిల్లాలు తాను పరహితము చేయుచున్నాననుకొనును. కుమారసంభవము అయిదవ సర్గలో బ్రహ్మచారి వేషమున వచ్చిన శివుడు, తపస్సున కృశించుచున్న పార్వతిని, శక్తికి తగినంతయే చేయుచున్నావు గదా యని అడుగును. ఆ ప్రశ్న తపస్వినికే తగినప్పుడు మనుమని చూడబోవు నాయనమ్మకు తగదా? ప్రక్క మనిషిని లేపినచో అతని పిక్కయు కదలును గనుక, ఆ ఇబ్బంది అతనికి చేసిన ఉపకారమే. నడవవైపు కూర్చున్నవారు విసుగుముఖము పెట్టక తామే అప్పుడప్పుడు లేచుట సహప్రయాణికధర్మమని నా నమ్మకము.

చేయవలసినది అత్యల్పము. టికెట్టు తీయునప్పుడే పెద్దలకు నడవ ప్రక్క సీటు కోరవలెను. కాళ్ళు చాపుకొను చోట సంచులు కుక్కరాదు. మడమ నేలకు ఆనించి వ్రేళ్ళను పైకెత్తుట, వ్రేళ్ళు ఆనించి మడమనెత్తుట, చీలమండను గుండ్రముగ త్రిప్పుట కూర్చుండియే చేయవచ్చును. రామనామమునకు ఇది అడ్డు రాదు, నామము లెక్కించు వ్రేళ్ళు చేతివే కానక్కరలేదు. నిద్రమాత్ర మ్రింగి, ముడుచుకొన్న భంగిమలోనే గంటలకొలది నిద్రించుట మంచిది కాదు. అపాయము ఎక్కువగా నున్నవారికి మోకాలి దిగువవరకు బిగుతుగా నుండు మేజోళ్ళు మేలు చేయును, వైద్యుడు కొలత చూచి చెప్పిన పిదప. ఎవరో చెప్పిరని ఆస్పిరిన్ వేసికొనరాదు.

రెండు పాదములును కొద్దిగా ఉబ్బుట దూరప్రయాణమున సామాన్యము. అది సాధారణముగా ఒకటి రెండు దినములలో తగ్గును. ఒకే పిక్క వాచి, నొప్పిపెట్టి, వెచ్చబడినను, హఠాత్తుగా ఆయాసమో రొమ్ములో పోటో కలిగినను, ప్రయాణము ముగిసి కొన్ని వారములైనను సరే, తైలము మర్దనచేయుచు ఇంట కూర్చుండక ఆ గంటలోనే ఆసుపత్రికి పోయి, ఇటీవల దూరప్రయాణము చేసితినని వైద్యునికి చెప్పుడు.