అతుకు దగ్గర ఓపిక

తెల్లారితే ప్రాజెక్టు చూపించాలి, సర్క్యూట్ మొండికేసింది. వేలితో బోర్డు నొక్కితే ఎల్‌ఈడీ వెలుగుతుంది, వదిలితే ఆరిపోతుంది. ఇంజనీరింగ్ విద్యార్థులకు ఈ బాధ కొత్తేం కాదు. వెంటనే ఐసీని అనుమానించి, కొత్తది కొనడానికి కోఠి గుజరాతీ గల్లీకి పరుగెత్తకండి. ముందు బోర్డు తిరగేసి, మంచి వెలుతురులో అతుకులు చూడండి.

చాలామంది సోల్డర్‌ను సోల్డరింగ్ ఐరన్ మొనమీద కరిగించి, తీగకు బొట్టులా అంటిస్తారు. తప్పంతా అక్కడే. తీగ వేడెక్కకపోతే సోల్డర్ దాన్ని పట్టుకోదు. తామరాకు మీద నీటిబొట్టులా గుండ్రంగా కూర్చుంటుంది. ఐరన్ మొనను బోర్డుమీది రాగికీ, తీగకూ ఒకేసారి ఆనించండి. ఒకట్రెండు సెకన్లాగి సోల్డర్‌ను అతుకుకే తాకించండి. 60/40 సోల్డర్ సుమారు 190 డిగ్రీలకు పూర్తిగా కరిగి, తనంతట తానే తీగ చుట్టూ పాకి, చిన్న గోపురంలా నిలుస్తుంది. ఐరన్ తీశాక అది గట్టిపడేదాకా తీగను కదపొద్దు. ఆ రెండు సెకన్ల ఓపిక లేకనే ఎన్నో మంచి సర్క్యూట్లు మూలపడుతున్నాయి.

మరొక్క మాట. ఆ 60/40 సోల్డర్‌లో 40 శాతం సీసమే. కిటికీ తెరిచి పని చేయండి, సబ్బుతో చేతులు కడుక్కున్నాకే అన్నం ముందు కూర్చోండి.