గజ్జి పట్టిన పిల్లి పట్ల మన ధర్మం ఏమిటి?



మన బస్తీల్లో పిల్లి తిరగని సందు ఉండదు. కొలిమి షెడ్డు వెనుకో, రేకుల కిందో ఏదో ఒకటి ఉంటుంది. ఎలుకల్ని పడుతుంది గనుక ఎవరూ తరమరు. అదే పిల్లి ఒకరోజు చెవుల అంచుల మీద బూడిద రంగు చెక్కులు కట్టి, ముఖం మీద వెంట్రుకలు రాలి, కళ్ళు సగం మూసుకుపోయి గుమ్మం ముందుకు వస్తే మన చూపు మారిపోతుంది. పిల్లల్ని లోపలికి పిలుస్తాం, చీపురు అందుకుంటాం. మొన్నటిదాకా పాలచుక్క పోసిన చేతిలోనే ఇప్పుడు ఆ చీపురు ఉంటుంది. దీన్ని నిర్దయ అని ఒక్క మాటలో అనెయ్యలేం. పసిబిడ్డ ఉన్న తల్లి భయపడటం న్యాయమే.

ముందు ఆ భయం ఎంతవరకు నిజమో చూద్దాం. పిల్లులకు ఎక్కువగా వచ్చే చర్మవ్యాధుల్లో రెండు మనకు ముఖ్యం. ఒకటి గజ్జి. కంటికి ఆనని చిన్న పురుగు చర్మంలోకి తొలుచుకుపోయి దాన్ని కలిగిస్తుంది. సాధారణంగా చెవి అంచు దగ్గర మొదలై ముఖానికి, మెడకు, పాదాలకు పాకుతుంది. ఇది ఇతర పిల్లులకు వేగంగా అంటుకుంటుంది. మనిషికి తగిలితే కొన్నాళ్ళు దురద పెడుతుంది గానీ ఆ పురుగు మన ఒంటి మీద కాపురం పెట్టలేదు. రెండోది తామర. ఇది బూజు జాతి వ్యాధి. ఇది మాత్రం పిల్లలకు నిజంగానే అంటుకుంటుంది. రాలిన వెంట్రుకల్లో, గుడ్డల్లో నెలల తరబడి బతికి ఉంటుంది. కాబట్టి పిల్లల్ని దూరంగా ఉంచడం సరైన పనే. అయితే రెండింటికీ మందు ఉంది. మందు ఉన్న జబ్బును చూసి చీపురు ఎత్తడం దగ్గరే మన ప్రశ్న మొదలవుతుంది.

"దాని కర్మ అది అనుభవిస్తోంది, మనమేం చేస్తాం" అనే మాట తరచూ వింటాం. కొలిమి దగ్గర మన చేయి కాలినప్పుడు ఈ మాట గుర్తుకు రాదు. నీళ్ళు పోసుకుంటాం, మందు రాసుకుంటాం. మన చేతికి లేని కర్మ పిల్లి చెవికి ఎక్కడినుంచి వచ్చింది?

ఇంకో మాట ఇంతకంటే బరువైనది. "మా పిల్లలకే మందు కొనే స్తోమత లేదు, పిల్లికి కొనాలా?" ఇలా అడిగే ఇల్లాలిని ఎవరూ తప్పు పట్టకూడదు. రోజంతా కత్తులు సానపట్టి, బకెట్లకు అడుగులు వేసి తెచ్చే డబ్బు మొదట ఇంటికే చెందాలి. దయ పేరుతో బిడ్డ పాలడబ్బు పిల్లికి పెట్టమని ఈ వ్యాసం చెప్పదు. కానీ ఆ ఖర్చు ఒక్క ఇల్లే మొయ్యాలని ఎవరన్నారు? పది ఇళ్ళ సందులో తిరిగే పిల్లి పది ఇళ్ళదీ. అది ఎవరిదీ కాదు అనుకుంటాం గానీ, 1976లో మన రాజ్యాంగంలో చేర్చిన పౌర విధుల్లో ప్రాణుల పట్ల కరుణ చూపడం కూడా ఒకటి. దానికి యజమాని ఉండాలన్న షరతు అక్కడ లేదు. ఊరి చివర గుడారాలు వేసుకుని, "వీళ్ళు ఎవరివాళ్ళు" అన్న చూపులు మోసిన తాతల కథలు విన్న మనకు ఈ సంగతి ఇంకొకరు చెప్పక్కర్లేదు.

ఇప్పుడు అసలు విషయానికి వస్తాను. పిల్లికి చీపురు దెబ్బ కంటే ఎక్కువ ప్రమాదం మన తొందరపాటు దయతో ఉంది. జాలి కలగగానే చేతికి అందింది పూసేస్తాం. మన షెడ్డులో అందేది ఏమిటి? కాల్చిన ఇనుమును ముంచే వాడేసిన ఇంజిన్ ఆయిల్. అది కాకపోతే కిరసనాయిలు, ఫినాయిలు. గజ్జి కుక్కకు ఇంజిన్ ఆయిల్ పూయడం చాలా ఊళ్ళలో వైద్యంగానే చలామణి అవుతోంది. కుక్కకే అది మంచిది కాదు. పిల్లి సంగతి ఇంకా ఘోరం, ఎందుకంటే అది రోజంతా తన ఒళ్ళు తాను నాకుతూనే ఉంటుంది. ఒంటికి రాసింది ఏదైనా కడుపులోకి పోతుంది. పైగా మన కాలేయం వదిలించుకోగల కొన్ని పదార్థాలను పిల్లి కాలేయం వదిలించుకోలేదు. ఫినాయిలు అలాంటిదే. జ్వరమేమోనని అర పారాసిటమాల్ బిళ్ళ పాలలో కలిపి పోస్తే ఆ పిల్లి చావవచ్చు. మన గజ్జికి మెడికల్ షాపులో ఇచ్చే పెర్మెత్రిన్ క్రీము, కుక్కల గోమార్లకు వాడే అదే జాతి మందు పిల్లికి విషం. ఒళ్ళు వణికి, ఫిట్స్ వచ్చి పోతుంది. పూసినవాడు మాత్రం "నా వంతు నేను చేశాను" అని తృప్తిగా నిద్రపోతాడు. అంటే అతను తగ్గించుకున్నది పిల్లి బాధను కాదు, దాన్ని చూసినప్పుడు తనకు కలిగిన బాధను.

భాయి కన్హయ్యా గారి సాఖీ మన ఇళ్ళలో అందరికీ తెలుసు. ఆనందపూర్ యుద్ధంలో శత్రు సైనికులకూ నీళ్ళు పోశాడని ఫిర్యాదు వచ్చింది. గురు గోబింద్ సింగ్ జీ ఆయన్ను మెచ్చుకుని, చేతికి మలాం, కట్టుగుడ్డలు కూడా ఇచ్చారు. నీళ్ళ దగ్గరే మనం కథ ఆపేస్తుంటాం. గాయానికి నీళ్ళు చాలవు, తగిన మందు కావాలని గురువు చూపించిన భాగం మీద నిలవం. ఏడవ గురువు హర్ రాయ్ జీ కీరత్‌పూర్‌లో అరుదైన మూలికలతో వైద్యశాల నడిపారు. వేటలో పట్టిన జంతువులను చంపకుండా తెచ్చి పెంచారని కూడా చెబుతారు. మూలికలు సేకరించాలంటే ఏ మూలిక దేనికో తెలుసుకుని ఉండాలి కదా. ఆ తెలుసుకోవడం కూడా సేవలో భాగమే.

ఆ మందు గజ్జి పురుగులను చంపుతుంది, అవీ ప్రాణాలే కదా అని ఎవరైనా అడగవచ్చు. అడిగిన వాళ్ళు తలలో పేలు పడితే ఏం చేస్తారో కూడా చెప్పాలి.

పని ఎలా చేయాలి? రోగంతో ఉన్న పిల్లి దాక్కుంటుంది, పట్టుకోబోతే కరుస్తుంది. దానికి మన ఉద్దేశం తెలియదు. నాలుగైదు రోజులు ఒకే చోట, ఒకే వేళకు కాస్త తిండి పెడితే అలవాటు పడుతుంది. తరువాత బోనులో తిండి పెట్టాలి. ఇక్కడ మన చేతి పని అక్కరకు వస్తుంది. ఇనుప జాలీతో, లోపల తొక్కగానే పడిపోయే తలుపుతో బోను కొనాలంటే ఇతరులకు ఖర్చు, మనకు ఒక పూట పని. తలుపు అంచులు మొద్దుగా ఉండాలి, తోక నలగకూడదు. బోను మీద గోనె కప్పితే పిల్లి శాంతిస్తుంది. అలాగే పశువుల ఆసుపత్రికి తీసుకుపోతే డాక్టరు చూసి, బరువును బట్టి మందు ఇస్తారు. గజ్జికయితే మెడ వెనుక, నాలుక అందని చోట వేసే చుక్కల మందు కూడా ఉంది. తామరకు వైద్యం ఇంకా ఎక్కువ కాలం సాగుతుంది. ఒక్కసారితో తగ్గిందనుకోకుండా, చెప్పిన రోజుకు మళ్ళీ తీసుకుపోవాలి.

ఈ పని పెద్దవాళ్ళే, మందపాటి తువ్వాలు చేతికి చుట్టుకుని చేయాలి. ఒకవేళ కరిస్తే, గీరితే సబ్బుతో ధారగా పారే నీళ్ళ కింద 15 నిమిషాలు కడిగి, ఆ రోజే ఆసుపత్రికి వెళ్ళి రేబిస్ సూది వేయించుకోవాలి. పసుపు పెట్టి ఊరుకోవద్దు. వాడిన గోనెను, గుడ్డలను మరిగే నీళ్ళలో వేయాలి, లేదా కాల్చేయాలి.

వైద్యం పూర్తయ్యాక పట్టిన చోటే వదలండి, వేరే బస్తీలో వద్దు. తలుపు తెరవగానే అది వెనక్కి చూడకుండా పరుగెడుతుంది. బోనును కడిగి ఎండబెట్టి గురుద్వారాలో ఉంచితే, పక్క సందు వాళ్ళు కూడా అడిగి తీసుకుపోతారు.