భండారి తాళపుచెవి



ఏటేట బసవ జయంతినాడు మన వేదికలపై వక్తలు తప్పక చెప్పెడి మాట యొకటి కలదు. నేటి పార్లమెంటు పుట్టుటకు ఎనిమిది వందల యేండ్లు ముందే కల్యాణపురమున అనుభవ మంటపము వెలసినదనియు, కులమును వృత్తిని స్త్రీపురుష భేదమును పాటింపక శరణులందఱును అచట సమానముగా కూర్చుండి చర్చించిరనియు మనము సగర్వముగా చెప్పుకొందుము. 2003లో ఢిల్లీ పార్లమెంటు ప్రాంగణమున బసవేశ్వరుని విగ్రహము నెలకొల్పబడినపుడు మన యిండ్లలో పండుగ వచ్చినట్లే యుండెను. ఆ గర్వము న్యాయమైనదే. కాని గర్వపడుట సులభము. ఆ ప్రాంగణమున నడచి సభలోనికి పోవువారు ఎట్లు నడచుకొనుచున్నారని అడుగుట కష్టము. నేడు ఆ కష్టమైన మాటను గూర్చియే మీకు విన్నవింపదలచితిని.

బసవన్న మనకు గురువు. కాని బిజ్జలుని కొలువులో ఆయన రాజోద్యోగి. ధనాగారము చేతిలో నున్న భండారి. పాల్కురికి సోమనాథుడు మన తెలుగున రచించిన బసవపురాణమునందలి కథ మీరెఱిగినదే. రాజధనమును బసవన్న జంగములకు పంచిపెట్టుచున్నాడని గిట్టనివారు బిజ్జలునితో కొండెములు చెప్పిరి. రాజు లెక్క యడిగెను. బసవన్న వెనుదీయలేదు. భండారము తెఱపించి లెక్క చూపెను. ధనము తఱుగక సరిపోయెను. ఈ కథను మనము మహిమగా చెప్పుకొని, శివుడు భక్తుని కాపాడెనని చేతులు జోడింతుము. జోడింపవలసినదే. అయినను నాకు ఇందు మఱియొక పాఠము తోచుచున్నది. లెక్క సరిపోవునట్లు చూచినది శివుడు; తాళము తీసినది మాత్రము బసవన్న. అడిగినవారు కొండెగాండ్రే యైనను, అడిగినది ప్రజాధనమును గూర్చి గనుక, చూపుట భండారి ధర్మమని ఆయన యెంచెను.

ఇక మన కాలమునకు వత్తము. 1951లో దేశమున ఇంకను సార్వత్రిక ఎన్నికలు జరుగలేదు. తాత్కాలిక పార్లమెంటు నడచుచుండెను. హెచ్. జి. ముద్గల్ అను సభ్యుడు బొంబాయి వెండి బంగారు వర్తకుల సంఘమునుండి ధనము గైకొని, సభలో వారికి అనుకూలముగా పని చేయుచున్నాడని ఆరోపణ వచ్చినది. ప్రధానమంత్రి నెహ్రూ తానే తీర్మానము ప్రవేశపెట్టి విచారణ సంఘమును వేయించెను. టి. టి. కృష్ణమాచారి దానికి అధ్యక్షుడు. సభ్యులలో మన రాజమహేంద్రవరమున జన్మించిన దుర్గాబాయి ఒకరు. ఆరోపణ నిజమని సంఘము తేల్చెను. బహిష్కారము తప్పదని యెఱిగి ఆ సభ్యుడు రాజీనామా ఇచ్చెను. అంతటితో పోనిమ్మని సభ యూరకుండలేదు. ఇతడు బహిష్కారమునకు తగినవాడని తీర్మానము చేసి మఱి విడిచెను.

ఇందలి చమత్కారము చూడుడు. ఏడేండ్లు తిరుగకమునుపే ఆ కృష్ణమాచారియే విచారణకు నిలువవలసి వచ్చెను. అప్పటికి ఆయన ఆర్థికమంత్రి. 1956లో ఏర్పడిన జీవిత బీమా సంస్థ మఱుసటి యేట హరిదాస్ ముంధ్రా అను వ్యాపారి కంపెనీల వాటాలను సుమారు 1 కోటి 24 లక్షల రూపాయలకు కొనెను. అది పొట్ట కట్టుకొని బీమా కట్టిన సామాన్యుల సొమ్ము. 1957 డిసెంబరులో లోక్‌సభలో ఈ సంగతి నడిగినవాడు ఫిరోజ్ గాంధీ. ఆయన ప్రతిపక్షమువాడు కాడు. పాలకపక్షమువాడు, పైగా ప్రధానమంత్రికి అల్లుడు. న్యాయమూర్తి ఎం. సి. చాగ్లా బొంబాయిలో బహిరంగముగా విచారణ జరిపెను. మంత్రి లంచము తినెనని చాగ్లా అనలేదు. తన శాఖ కార్యదర్శి చేసిన పనికి మంత్రియే బాధ్యుడని తేల్చెను. 1958 ఫిబ్రవరిలో కృష్ణమాచారి పదవి విడిచెను. త్రాసు పట్టినవాడే త్రాసు నెక్కవలసి వచ్చెను. సభ గౌరవము దీనివలన తగ్గలేదు, పెరిగినది.

కాలము గడచినది. 2005 డిసెంబరులో, సభలో ప్రశ్నలు వేయుటకు సభ్యులు ధనము పుచ్చుకొనుచుండగా రహస్యముగా తీసిన చిత్రములను టెలివిజనులో దేశమంతయు చూచెను. పదునొకండు దినములలో లోక్‌సభనుండి పదిమందియు, రాజ్యసభనుండి ఒకరును బహిష్కృతులైరి. వారు ఒక పక్షమువారు కారు, పలు పక్షములవారు. సభకు అట్టి అధికారము కలదని 2007లో సుప్రీంకోర్టు స్థిరపఱచెను. లంచము పుచ్చుకొని సభలో ఓటు వేసిన సభ్యునికి శిక్షనుండి రక్షణ కలదని 1998లో చెప్పిన తీర్పును అదే కోర్టు 2024 మార్చిలో, ఏడుగురు న్యాయమూర్తుల పీఠముపై కూర్చుండి, ఏకగ్రీవముగా త్రోసివైచెను. సభ్యుల నడవడిని విచారించు నైతిక సంఘము రాజ్యసభలో 1997లోను, లోక్‌సభలో 2000లోను ఏర్పడినది.

కాబట్టి తాళము తీయు ఏర్పాట్లు లేవనుటకు వీలులేదు. కాని ఈ కథలన్నిటిలో అడిగినవారెవరు? ఒకమాఱు ప్రధాని, ఒకమాఱు ప్రధాని అల్లుడు, ఒకమాఱు పత్రికలవారు. ఓటు వేసిన మనమెచట నున్నాము?

దీనికి బదులుగా నా తప్పునే యొకదానిని చెప్పుకొందును. నేను బడిపంతులను. కొన్నేండ్ల క్రిందట ఒక మఠమున జాతరనాటి దాసోహపు జమాఖర్చులు నాచేత నుండెను. విస్తళ్లు కుట్టి బ్రతుకు ఒక వృద్ధురాలు పదిమందిలో నాకడకు వచ్చి, "అయివారూ, నేనిచ్చిన ఇరవై రూపాయలు యాడ రాసినారో రవ్వంత చూపిస్తారా?" అని యడిగెను. నాకు పట్టరాని కోపము వచ్చినది. ఇరవై రూపాయలకై నన్ను అనుమానింతువా యని గద్దించితిని. ఆమె మాఱు పలుకక వెడలిపోయెను. ఆ రాత్రి పుస్తకము తెఱచి చూడగా ఆమె పేరు లేదు. సొమ్ము పెట్టెలో చేరినదిగాని పద్దు ఎక్కలేదు. దొంగతనము కాదు, మఱపు. మఱునాడు ఉదయమున పుస్తకము చంకబెట్టుకొని ఆమె యింటికి పోయి, ఎదుటనే వ్రాసి చూపితిని. ఆమెకు చదువు రాదు. "నా పేరు ఏదయ్యా?" అని యడిగి, చూపినచోట వ్రేలితో మెల్లగా తాకి చూచుకొనెను. నాటినుండి ప్రతి యేటి జమాఖర్చును మఠము గోడకు అంటించుచున్నాము.

ఇంకొక తప్పు నా యొక్కనిదే కాదు, మా యందఱిది. ఆ మఠమునకే ఒక ప్రజాప్రతినిధి వచ్చి మంటపపు కప్పునకు విరాళము ప్రకటించెను. పూలమాలలు వేసితిమి, ఫలహారము పెట్టితిమి. ఈ యైదేండ్లలో సభలో మా ప్రాంతము కొఱకు ఏమి యడిగితిరని ఒక్కరమును అడుగలేదు. "మనవాడు కదా!" అంటిమి. కప్పు పడినది, మా నోళ్లపై మూతయు పడినది.

మన పంచాచారములలో మూడింటిని ఇచట తలంపవలయును. సదాచారమనగా ధర్మముగా ఆర్జించిన దానితో బ్రతుకుట. ఇది సభలోని వానికిని సంతలోని వానికిని సమానమే. భృత్యాచారమనగా తాను అందఱికిని సేవకుడనని యెఱిగి మెలగుట. ఇది పదవిలో నున్నవానికి మొదటి పాఠము. 1956 సెప్టెంబరులో మన మహబూబ్‌నగరు కడ వంతెన కూలి రైలు పడి నూఱుమందికి పైగా మరణించినపుడు రైల్వేమంత్రి లాల్ బహదూర్ శాస్త్రి రాజీనామా సమర్పించెను, ప్రధాని అంగీకరింపలేదు. నవంబరులో అరియలూరున మఱల అట్టి ఘోరమే జరుగగా తిరిగి సమర్పించి పదవి విడిచెను. ఆ వంతెనలు ఆయన కట్టినవి కావు. అయినను సేవకుడు యజమాని దుఃఖమునకు తలవంచెను. ఇక గణాచారము మన కొఱకు. అధర్మము కంటబడినపుడు అది నాకేలయని యూరకుండక పదిమందియు కలిసి నిలుచుట గణాచారము. వాడు మన కులమువాడు, మన మఠమునకు దాతయని మౌనము పూనినచో అది గణాచారము కాదు, గణభారము.

అడుగుటకు సాధనములు మనకు కలవు. ఎన్నికలలో నిలుచువారు తమ ఆస్తులను, అప్పులను, తమపైనున్న నేరాభియోగములను ప్రమాణపత్రముగా దాఖలు చేయవలెనని సుప్రీంకోర్టు 2002, 2003 తీర్పులలో నిర్ణయించినది. ఆ పత్రము ఎవరైనను చదువవచ్చును. 2005నాటి సమాచార హక్కు చట్టము కలదు. లోక్‌సభ సభ్యుని నడవడిపై సామాన్య పౌరుడును, ఆధారములతో, వేఱొక సభ్యుని ద్వారా ఫిర్యాదు పంపవచ్చును. ఆధారములతో అను మాట మఱువవలదు. కొండెము వేఱు, లెక్క యడుగుట వేఱు. బిజ్జలుని చెవిలో గుసగుసలాడినవారి త్రోవ మనది కారాదు. పేరు చెప్పి, పత్రము చూపి, ముఖము నెదుట వినయముగా అడుగవలయును.

అన్నిటికంటె ముందు మన యింటి పెట్టె, మన మఠపు పెట్టె, మన సంఘపు పెట్టె తెఱచి యుంచవలయును. ఆ వృద్ధురాలికి చూపని చేతితో ఢిల్లీవారిని చూపుమని యడుగుటకు నాకు నోరు రాదు. చూపిన పిదప అడుగకుండుటయు తగదు.

అనుభవ మంటపమునకు వారసులమని చెప్పుకొను మన యిండ్ల ముంగిట ఈమాఱు ఓటు కొఱకు నిలుచువారిని, వారు మనవారైనను సరే, భండారి తాళపుచెవి ఎచటనని అడుగుదము గాక. అడిగెడి ధైర్యమును, అడిగించుకొను వినయమును ఆ బసవేశ్వరుడు మన కందఱకు ప్రసాదించు గాక!