పద్దులో లేని పిల్లవాడు



మొన్నటి తపసుకాలంలో ఒక శుక్రవారం, సిలువమార్గం ముగిసి జనమంతా వెళ్లిపోయాక, మా విచారణలోని ఒక గ్రామం నుండి వచ్చిన తల్లి గుడి మెట్ల దగ్గర నిలబడి ఉంది. పాపసంకీర్తనానికి వచ్చిందేమోనని లోపలికి పిలిచాను. "అందుకు కాదు సామీ, ఒక మాట అడగల్ల" అంది. కాబట్టి నేను రాయబోయేది పాపసంకీర్తనంలో విన్నది కాదు. ఆమె అనుమతి తీసుకునే రాస్తున్నాను. ఊరి పేరు మాత్రం రాయను.

ఆమె తమ ఊరి ప్రభుత్వ ప్రాథమిక పాఠశాలలో మధ్యాహ్న భోజనం వండుతుంది. కర్నూలు జిల్లా పడమటి మండలాల సంగతి మీకు తెలిసిందే. కోసిగి, మంత్రాలయం, ఆదోని, ఆలూరు వైపు ఊళ్లలో వాన ముఖం చాటేసిన ఏడు ఇళ్లకు తాళాలు పడతాయి. పత్తి తీయడానికి, మిరపకాయలు కోయడానికి గుంటూరు వైపు సుగ్గికి పోతారు. పిల్లలను వెంట తీసుకుపోతే చదువు పోతుంది. వదిలి పోతే చూసుకునేవారు ఉండరు. అలా అవ్వ దగ్గర మిగిలిపోయిన ఒక అమ్మాయి మూడో తరగతి చదువుతోంది. ఆమెకు మూడున్నరేళ్ల తమ్ముడు. అవ్వ పొద్దున్నే మేకల వెంట పోతుంది. అందుకని ఆ పిల్ల తమ్ముణ్ణి చంకన వేసుకుని బడికి వస్తుంది. వద్దంటే బడి మానుకోవలసింది ఆ పిల్లే.

మధ్యాహ్నం గంట కొడతారు. పిల్లలు కంచాలు పట్టుకుని వరుసగా కూర్చుంటారు. ఆ చిన్నవాడు అక్క పక్కనే కూర్చుని గరిటె వైపు చూస్తుంటాడు. "వాని ముందర ఆగకుండా ఎట్ల దాటిపోదును సామీ?" అంది ఆమె. అన్నం, పప్పు వాడికీ పెడుతోంది. గుడ్డు మాత్రం పెట్టదు. గుడ్లు లెక్కపెట్టి ఇస్తారు. ఆ అక్క తన గుడ్డునే దారంతో రెండుగా కోసి సగం తమ్ముడికి పెడుతుందట.

నేను ఆలోచించకుండానే, "ఆకలిగొన్న బిడ్డకు పెట్టడం పాపమెలా అవుతుందమ్మా?" అన్నాను. గురువులకు ఇలాంటి జవాబులు నాలుక చివరనే ఉంటాయి. ఆమె తల అడ్డంగా ఊపింది. "పాపమా కాదా అని అడగడానికి రాలేదు సామీ. పుస్తకంలో రాయల్నా వద్దా, అది చెప్పండి."

అప్పుడు నాకు విషయం అర్థమైంది. బియ్యం ప్రభుత్వం ఇస్తుంది. పప్పు, నూనె, కూరగాయలు ఆమె అంగట్లో అప్పు తెచ్చి వండాలి. ఆ రోజు ఎంతమంది తిన్నారో పుస్తకంలో ఎక్కితే, తలకు ఇంత చొప్పున బిల్లు నెలల తర్వాత వస్తుంది. ఆ చిన్నవాడి పేరు పుస్తకంలో లేదు. వాడి కంచం ఖర్చు ఆమె మీద పడుతుంది. ఎవరో ఆమెకు సులభమైన ఉపాయం చెప్పారు: సుగ్గికి పోయిన పిల్లల్లో ఒకరిని హాజరైనట్టు రాయిస్తే సరిపోతుంది, ఎవరికి నష్టం?

పాఠకులారా, ఈ ప్రశ్నను చిన్నది అనుకోకండి. ఆ రాత్రి నాకు నిద్ర సరిగా పట్టలేదు.

మొదట, ఆ అన్నం ఎవరిది? మన విచారణల్లో చాలామంది దాన్ని సర్కారు ధర్మం అనుకుంటారు. "ఉచితంగా పెట్టి సోమరులను చేస్తున్నారు" అని, తమ పిల్లలను వ్యాను ఎక్కించి కాన్వెంటుకు పంపేవారే ఎక్కువగా అంటుంటారు. ఇది పాత మాటే. 1876–78 ధాత కరువులో మద్రాసు రాజధానిలో ఘోరంగా నష్టపోయిన జిల్లాల్లో కర్నూలు, కడప ఉన్నాయి. 1877 ఆరంభంలో ఖర్చు తగ్గించడానికి వచ్చిన సర్ రిచర్డ్ టెంపుల్, కరువు పనుల్లో రాళ్లు మోసే మగవాడికి రోజుకు ఒక పౌను ధాన్యం చాలునన్నాడు. అంటే అర కిలో కూడా కాదు. డాక్టర్ కార్నిష్ అనే ఆరోగ్యాధికారి అది మనిషిని నిలబెట్టదని వాదించాడు. కొన్ని నెలలకు ప్రభుత్వం ఆ కొలతను సడలించక తప్పలేదు. ధర్మంగా పెట్టేవాడు ఎప్పుడూ అడిగేది ఒకటే: ఎంత తక్కువతో సరిపెట్టవచ్చు, ఎవరు నిజంగా అర్హులు?

ఆ ప్రశ్న మారడానికి నూరేళ్లకు పైగా పట్టింది. 1995 ఆగస్టు 15న కేంద్రం పథకం మొదలుపెట్టినా, చాలా చోట్ల నెలకు మూడు కిలోల గింజలే ఇచ్చేవారు, అదీ నూటికి ఎనభై రోజులు హాజరైతే. 2001 నవంబరు 28న సుప్రీంకోర్టు వండిన అన్నమే పెట్టాలని ఆజ్ఞాపించింది. మన రాష్ట్రంలో 2003 జనవరిలో బడి పొయ్యిలు వెలిగాయి. వంట పనిలో దళితులకు ప్రాధాన్యం ఇవ్వాలని 2004లో కోర్టు మరో మాట చెప్పింది. వాళ్లు వండితే మా పిల్లలు తినరన్న ఊళ్లు ఉన్నాయి మరి. 2013 ఆహార భద్రతా చట్టంతో ఆ భోజనం బిడ్డ హక్కయింది. ఆ తర్వాత పథకం పేర్లు ఎన్నోసార్లు మారాయి. పొయ్యి ముందు పొగలో కూర్చున్న మనిషి మారలేదు.

ఆ చట్టమే ఆరు నెలల నుండి ఆరేళ్ల వరకు ఉన్న పిల్లలకు అంగన్‌వాడీలో భోజనం రాసిపెట్టింది. అంటే మన చిన్నవాడు బిచ్చగాడు కాదు. దేశం వాడికి బాకీ ఉంది. వాడు తట్టిన తలుపే వేరు. అంగన్‌వాడీ వంక అవతల పెద్ద ఊరిలో ఉంది. రోజూ తీసుకుపోయి తీసుకువచ్చే చేతులు లేవు.

ఇక రెండవది, ఆ పుస్తకం సంగతి. సెమినరీలో మాకు పునీత థామస్ అక్వినాసు గ్రంథం నేర్పారు. ఆ రాత్రి అట్ట ఊడిన నా ప్రతిని మళ్లీ తీశాను. ప్రాణం మీదికి వచ్చిన అవసరంలో ఇతరుల సొత్తు తీసుకున్నా అది దొంగతనం కాదని ఆయన అంటాడు. పొరుగువాడి అవసరం తీర్చడానికి రహస్యంగా తీసుకోవచ్చని కూడా అంటాడు. కానీ ఈ పిల్లవాడు చావుబతుకుల్లో లేడు. అవ్వ పొద్దున, రాత్రి సంగటి పెడుతుంది. మన సీమ ఆకలి ఇలాంటిదే. ఒక్క పూటలో చంపదు. పుస్తకాల్లోని "అత్యవసరం" అనే మాటకు ఎప్పుడూ ఒక మెట్టు కిందనే ఉంటుంది.

అదే గ్రంథంలో అబద్ధం గురించి ఆయన మరింత కఠినంగా ఉన్నాడు. ఎదుటివాడి మేలు కోసమైనా అబద్ధం ఆడకూడదంటాడు. సత్యాన్ని వివేకంతో దాచవచ్చు, అది వేరు. ఆ వరుసలు చదివి, నాకు జవాబు దొరికిందనుకున్నాను. పిల్లవాడికి పెట్టు, పుస్తకంలో ఏమీ రాయకు. లేని బిడ్డ పేరు మాత్రం రాయకు. ఎందుకంటే ఆ ఉపాయమే పిల్లల నోటి దగ్గరి కూడు కాజేసేవారి ఉపాయం కూడా. దయతో రాసిన దొంగ హాజరుకు, దురాశతో రాసిన దొంగ హాజరుకు పుస్తకంలో తేడా కనబడదు. రేపు తనిఖీకి వచ్చినవారు ఆమెను కూడా ఆ వరుసలోనే నిలబెడతారు.

జవాబు సరైనదే. కానీ దాని ఖర్చు ఎవరి మీద పడింది? ఆ ఆలోచన తెల్లవారుజామున వచ్చింది. ఆమె అబద్ధం రాయకపోతే రోజుకో కంచం ఖర్చు ఆమె అంగడి అప్పులో చేరుతుంది. ఆమె గౌరవ వేతనం 2019లో మూడు వేలు అయింది. అదీ కూలి కాదు, గౌరవ వేతనమట! సత్యం పలకమని నేను సలహా ఇచ్చాను, దాని మూల్యం ఊరిలో అందరికంటే పేదరాలు చెల్లిస్తుంది. వేదాంతం చదివినవాడికి ఇంత సుఖమైన స్థితి మరొకటి లేదు.

మరుసటి ఆదివారం ఆమెతో, గుడికి వచ్చిన కానుకల బియ్యం నుండి కొంత పంపుతానన్నాను. ఆమె ఒప్పుకోలేదు. "బడి పొయ్యిలోకి గుడి బియ్యం వద్దు సామీ. ఊర్లో ఇంకోరకంగా మాట్లాడుకుంటారు. నా పని పోతాది." ఆమె నాకంటే బాగా ఆలోచించింది.

సువార్తలో రొట్టెలు పంచిన ఘట్టం మనకు కంఠస్థమే. తిన్నవారు స్త్రీలు, పిల్లలు కాక సుమారు ఐదు వేలమంది పురుషులని మత్తయి లెక్క రాశాడు. లెక్కలో లేనివారు కూడా తిన్నారన్నమాట. మత్తయి పూర్వం సుంకరి కదా, లెక్కకు ఎక్కనివారి సంగతి కూడా ఒక మాట రాసిపెట్టాడు. నాకు దారి అక్కడే కనబడింది. దాచడం ఎందుకు, ఉన్నది ఉన్నట్టు రాయకూడదా?

ప్రధానోపాధ్యాయులను కలిశాను. ఆయన మొదట బెదిరారు, తర్వాత నవ్వారు. పాఠశాల కమిటీ సమావేశంలో అక్కతో పాటు వచ్చే పిల్లవాడి సంగతి రాసి, తల్లిదండ్రుల చేత సంతకాలు పెట్టించారు. అంగన్‌వాడీ టీచరుకు కబురు చేశారు. వాడి పేరు అక్కడ ఎక్కింది. ఇంటికి ఇచ్చే సరుకులకు వీలుందేమో అడుగుతానన్నారు. కమిటీలోని ముగ్గురు తల్లులు పేలాల ఉండలో, గుప్పెడు వేరుశెనగ విత్తనాలో వంతుల వారీగా తెచ్చి ఆమె చేతికి ఇస్తామన్నారు. ఇద్దరు ఇస్తున్నారు.

ఆమె అంగడి అప్పు ఇంకా తీరలేదు. బిల్లు వచ్చినప్పుడు చెప్పమన్నాను. ఇంకా చెప్పలేదు.